వాలు వెంట ఒక చాలు

కిటికీలకు గోనెపట్టాలు కట్టి, మేకులు చాలక రెండు చోట్ల ఇటుకలు ఎత్తిపెట్టి, గదిని చీకటి చేసేసరికి పదకొండయింది. బడి మొత్తానికి అదే పెద్ద గది. మూడు తరగతుల పిల్లలు చాపల మీద సర్దుకున్నాక, వెనకగోడ దగ్గర ప్రొజెక్టర్‌కి మాత్రం చోటు మిగిలింది. ఆపరేటర్ రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పైన మిషన్ పెట్టి, ఊగుతున్న కాలి కింద అట్టముక్క మడిచి దోపాడు. ఫిల్ముని పళ్ళచక్రాల మీద నుంచి పోనిచ్చి, లెన్సు వెనక తలుపు మూసి, కింద చిన్న ఉచ్చులా కొంచెం వదులుంచి, ఖాళీ రీలుకి చుట్టాడు. ఆ వదులు లేకపోతే ఫిల్ము తెగుతుంది. ఈ పని అతను కళ్ళు మూసుకుని చేయగలడు. భూసంరక్షణ శాఖ సినిమా వ్యానులో అతనికిది ఇరవై రెండో ఏడు.

"అన్నా, తెర కొంచెం వంకరగా ఉన్నట్టుందే," అన్నాడు డ్రైవర్, తెర తాడు బిగిస్తూ.

"నేల కొట్టుకుపోయే సినిమాకి తెర తిన్నగా ఉండి ఏం చెయ్యాల్లే," అన్నాడు ఆపరేటర్.

ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. బొమ్మ మొదలవకముందే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారన్నమాట. అతనికి సంతోషమేసింది. పక్క తలుపు దగ్గర నిలబడిన పెద్ద టీచర్ వైపు చూసి, మొదలుపెట్టనా అన్నట్టు తలూపాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి ఆమె. ఈ బడికి బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదట. వేళ్ళకి అంటిన సుద్దపొడి దులుపుకుంటూ ఆమె కూడా తలూపింది.

సినిమా పద్దెనిమిది నిమిషాలు. నలుపు తెలుపు. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద శాఖ వాళ్ళే తీయించింది. మొదటి ఐదు నిమిషాలూ నరికిన చెట్లు, మబ్బులు, బురదనీళ్ళతో పొంగే ఏరు. ఆరో నిమిషంలో జారుడు మామ వస్తాడు. ఆ పేరు ఆపరేటర్ పెట్టిందే. తెల్ల చొక్కా వేసుకున్న బక్కపలచటి రైతు ఒకడు రెండెద్దులతో, నాగలితో గట్టు మీద నుంచి కిందికి, వాలు వెంట దున్నుకుంటూ వస్తాడు. కెమెరాకి పదడుగుల దూరంలో కాలు జారి కూలబడతాడు. ఎద్దులు నాగలిని ఈడ్చుకుంటూ తమ దారిన తాము పోతాయి.

"చూడండి బాలలారా!" అంది స్పీకర్ పెట్టెలోని గంభీరమైన గొంతు. "ఈ అజ్ఞాని వాలు వెంబడి దున్నుతున్నాడు. అతడు తీసిన ప్రతి చాలూ రేపటి వాననీటికి కాలువ. తన నేలను తన చేతులతోనే ఏటిపాలు చేస్తున్నాడు!"

మామ జారాడు. గది గొల్లుమంది.

ఆపరేటర్ మీట వెనక్కి తిప్పాడు. అది అతని సొంత తెలివి. శాఖ కాగితాల్లో ఎక్కడా లేదు. కూలబడ్డ మనిషి, ఎవరూ చెయ్యందించకుండానే నేల మీద నుంచి పైకి లేచాడు. ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి అతన్ని కలిశాయి. నాగలి చీల్చిన మట్టి మళ్ళీ దగ్గరికి చేరి అతుక్కుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా మీట ముందుకి తిప్పాడు. మామ మళ్ళీ జారాడు. ఈసారి నవ్వు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఆ చోట ఫిల్ము మిగతా అన్ని చోట్లకంటే ఎక్కువ అరిగింది. మామ మీద ఎప్పుడూ నిలువు గీతల వాన కురుస్తూనే ఉంటుంది.

మూడోసారి మీట మీద చెయ్యి వేస్తుండగా తెర మీద పెద్ద నీడ పడింది. పెద్ద టీచర్ పిల్లల మధ్య నుంచి నడుచుకుంటూ తెర దగ్గరికి పోయింది. వెలుతురుకి అడ్డం వచ్చానన్న సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు. రైతు ఆమె వీపు మీద నడిచాడు. ఆమె వీపు మీదే జారిపడ్డాడు. ఆమె తెరకి చెయ్యి చాచి, తాకకుండా ఆగిపోయింది.

నవ్వు ఒక్కో వరసా తగ్గుతూ వచ్చి ఆగింది. ఆపరేటర్ చెయ్యి మీట మీదే ఉండిపోయింది. సినిమా తన పాటికి తాను ముందుకు పోయింది. అదే వాలులో మనిషి లోతు గండి. దానిలో దిగి కొలబద్ద పట్టుకున్న శాఖ ఉద్యోగి టోపీ మాత్రమే పైకి కనిపిస్తుంది. "ఇదీ ఆ అజ్ఞాన ఫలితం!" అంది గొంతు. ఆమె పక్కకి తప్పుకుని, గోడ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆట అయ్యాక పిల్లలు మధ్యాహ్నం గంటకి పరిగెత్తారు. ఆపరేటర్ ప్రదర్శన పత్రం పట్టుకుని ఆమె గదికి వెళ్ళాడు. ఎంతమంది చూశారు, చిత్రం ఎలా ఉంది అని రాసి, బడి పెద్ద సంతకం చేయాలి. ఇన్నేళ్ళలో వచ్చిన పత్రాలన్నీ ఒకటే మాట: పిల్లలు ఉత్సాహంగా చూశారు.

ఆమె పత్రం వైపు చూడలేదు. "ఇంకోసారి వేస్తారా? ఇప్పుడే. నా ఒక్కదానికి."

"దానికేం భాగ్యమండీ."

"మాటలొద్దు. బొమ్మ ఒక్కటే."

ఖాళీ గదిలో ఆమె పిల్లల చాప మీదే కూచుంది. అతను శబ్దం నాబ్ చివరిదాకా తిప్పేశాడు. మిషన్ కటకట తప్ప ఇంకేం లేదు. రైతు గట్టు మీద కనిపించగానే ఆమె ముందుకి వంగింది. అతను జారి కూలబడ్డాక, ఎద్దులు వెళ్ళిపోయాక, "ఆపండి" అంది. బొమ్మని ఆపితే బల్బు వేడికి ఫిల్ము కాలిపోతుంది. అతను మిషన్ కట్టేశాడు.

"ఆయన మా నాన్న," అంది చీకట్లో.

ఆపరేటర్ కిటికీ దగ్గరికి నడిచాడు. గోనెపట్టా ఒకటి పక్కకి జరిపితే పట్టెడు ఎండ గదిలో పడింది.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు తీశారు. సినిమా తీశారని తెలుసు గానీ ఎప్పుడూ చూడలేదు. మా నాన్నా చూడలేదు." ఆమె గొంతు తరగతిలో పాఠం చెప్పే గొంతులాగే ఉంది. "మా నాన్న ఎన్నడూ అలా దున్నలేదండీ. వాలుకి అడ్డంగానే దున్నేవాడు. వాళ్ళ తాత అలాగే, ఈయన అలాగే. ఆ వచ్చినవాళ్ళు ముందు తప్పుగా దున్ను, తర్వాత సరిగ్గా దున్ను, రెండూ తీస్తాం, పిల్లలకి తేడా తెలియాలి అన్నారు. సరేనని ఒక్క చాలు కిందికి తోలాడు. అది తీసుకున్నారు. అంతలో మబ్బు పట్టింది. వెలుతురు లేదు, మళ్ళీ వస్తాం, సరిగ్గా దున్నేది అప్పుడు తీస్తాం అని వెళ్ళిపోయారు."

"మళ్ళీ రాలేదా?"

"వచ్చారు. వానలయ్యాక. ఆ చాలు గండి పడింది. దాన్ని ఫిల్ము తీసుకుని వెళ్ళారు. మా నాన్న ఎద్దుల్ని కట్టి, ఉతికిన చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. నిన్ను తీశాంగా, ఇంక అక్కర్లేదన్నారట."

సినిమాలో సరిగ్గా దున్నే మనిషి శాఖ వాళ్ళ తోటలో పనిచేసే మరొకడని ఆపరేటర్‌కి తెలుసు. పదమూడో నిమిషంలో వస్తాడు. వాడి బట్టలకి ఒక్క మరక కూడా ఉండదు.

"ఆ తర్వాత ప్రతి ఏడూ తొలి దుక్కి రోజున ఉతికిన చొక్కా వేసుకునేవాడు. ఎందుకు నాన్నా మట్టిపనికి మంచి చొక్కా అంటే, ఏమో, వాళ్ళొస్తారేమో అనేవాడు. పోయేదాకా అంతే." ఆమె లేచి చాప దులిపింది. "అజ్ఞాని అన్నారన్నమాట. అది తెలియకుండానే పోయాడు."

ప్రదర్శన పత్రం ఆపరేటర్ చేతిలో చెమటకి మెత్తబడింది. "ఆ మీట... వెనక్కి తిప్పింది నేనేనండీ. పిల్లలు నవ్వుతారని. ఇరవై రెండేళ్ళుగా అలాగే..."

"నాకు తెలుసు," అంది. "మొదటిసారి తిప్పినప్పుడు మా నాన్న తనంతట తాను లేచాడు. నేల కూడా మూసుకుంది. ఒక్క క్షణం నమ్మానండీ." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మళ్ళీ పడేశారు. సంతకం రేపు పెడతాను."

*

లాడ్జి గదిలో సాయంకాలపు ఎండ మంచం దాకా వచ్చింది. జరిగిందంతా ఆపరేటర్ చెప్పగా విని, డ్రైవర్ కిటికీలో కూచున్నాడు.

"మా ఇంట్లో చిన్నది అన్నం తినకపోతే జారుడు మామలా పడి చూపిస్తాను అన్నా," అన్నాడు. "పడగానే నోరు తెరుస్తుంది. అదే అదనని ముద్ద పెట్టేస్తాను."

ఇంట్లో ఆపరేటర్ కొడుకూ చిన్నప్పుడు అంతే. పక్కింటి పిల్లలందరికీ మామ పడటం నేర్పాడు. ఆపరేటర్ ఒకసారి లెక్క వేసి చూసుకున్నాడు. ఏడాదికి నూట యాభై బళ్ళు. బడికి మూడు జారుళ్ళు. ఆ పైన లెక్క పెట్టలేక మానేశాడు. తన తండ్రి ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే ఇప్పుడు కొంచెం కష్టపడాలి. మామ ముఖం మాత్రం కళ్ళు మూసుకుంటే చాలు, ముందుంటుంది. ఎడమ కనుబొమ మీద మచ్చ, చొక్కా రెండో గుండీ లేకపోవడం, నాగలి మేడి మీద బొటనవేలు పెట్టే తీరు, అన్నీ తెలుసు. ఆ మనిషికి కూతురుంటుందన్న సంగతి తప్ప.

కింద దుకాణంలోంచి శాఖ ఆఫీసర్‌కి ఫోన్ చేశాడు. రేపు పోవలసిన బడికి ఒకరోజు ఆలస్యమవుతుందని చెప్పి, కారణం చెప్పాడు.

"రాతపూర్వకంగా ఏమన్నా ఇచ్చిందా?" అన్నాడు ఆఫీసర్.

"లేదండి."

"మరింకేం? ఆ ముక్క కత్తిరించి అతికించెయ్యవయ్యా. అరనిమిషం తగ్గితే కొంపలేం మునిగిపోవు. సంతకం తెచ్చుకో. సంతకం లేకపోతే మాత్రం ఆట వేసినట్టు కాదు."

పైకి వచ్చి అతను బల్ల మీద రెండు రీళ్ళూ పెట్టి, చేత్తో తిప్పే చుట్టుడు మిషన్ బిగించాడు. ఆరో నిమిషం దగ్గర ఆపి, ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి, భూతద్దం పెట్టాడు. వేలిగోరంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. వేల సార్లు తెర మీద చూశాడు గానీ, ఇలా చేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ చూసింది లేదు. కాలు జారుతోంది. మోకాలు మడుస్తోంది. చెయ్యి నేలని వెతుకుతోంది. కూలబడ్డాడు. ఎద్దులు దాటిపోయాయి. అక్కడితో అయిపోలేదు. దృశ్యం మారేలోపు ఇంకో పద్దెనిమిది బొమ్మలున్నాయి. తెర మీద అది ఒక్క సెకను కూడా కాదు. ఆ పద్దెనిమిదిలోనూ ఆ మనిషి తల పక్కకి తిప్పి, కెమెరా వైపు కాదు, దాని పక్కన కిందగా చూస్తున్నాడు. చూసి నవ్వుతున్నాడు. సిగ్గుపడే నవ్వు కాదు. ఎవరో నవ్వితే తిరిగి నవ్వే నవ్వు.

ఆపరేటర్ భూతద్దాన్ని కిందికి జరిపాడు. బొమ్మ ఎడమ మూలలో నేల మీద నల్లటి మచ్చ ఒకటుంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని కెమెరా కాలి నీడ అనుకున్నాడు. దానికి రెండు జడలున్నాయి.

"ఏంటన్నా?" అన్నాడు డ్రైవర్.

అతను భూతద్దం వాడి చేతికిచ్చి మంచం మీద కూచున్నాడు. డ్రైవర్ ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దాన్ని దాని సంచిలో పెట్టి, సంచి మూతి తాడు బిగించాడు.

*

మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే ఆపరేటర్ ఆమె గది ముందు నిలబడ్డాడు. జేబులో చిన్న కత్తెర, అతికించే పట్టీ ఉన్నాయి.

"మా ఆఫీసర్ ఆ ముక్క తీసెయ్యమన్నారండీ. తీసింది పారెయ్యక్కర్లేదు. మీకిస్తాను. ఫొటో స్టూడియోలో ఇస్తే పెద్దది చేస్తారు. ఇకముందు ఏ బడిలోనూ ఎవరూ నవ్వరు."

ఆమె హాజరు పుస్తకం మూసింది. "మా ఇంట్లో నాన్న ఫొటో ఒక్కటీ లేదు," అంది. ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి దానంతటదే కొంచెం ముందుకొచ్చింది. వెనక్కి తీసుకుంది. "తీసేస్తే సినిమాలో గండి ఉంటుందిగా?"

"ఉంటుందండి."

"ఆ అజ్ఞాని అన్న మాట?"

"గండి దగ్గర ఇంకోసారి వస్తుంది. అది తియ్యాలంటే..."

"మనిషి పోయి తిట్టు మిగులుతుందన్నమాట. వద్దండీ. ఉండనివ్వండి."

అతను కత్తెర జేబులోనే ఉంచి, మరో మాట చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. "నిన్న చీకటి పడకముందు, వెలుతురుకి పెట్టి చూశాను. పడ్డాక ఆయన నవ్వుతున్నారు. కింద మూలని ఒక నీడ ఉంది. రెండు జడలు..."

ఆమె ముఖంలో ఏదీ కదల్లేదు. "అవునా," అంది. హాజరు పుస్తకం పక్కకి నెట్టి, "గది చీకటి చెయ్యండి. పెద్ద తరగతి పిల్లల్ని పంపిస్తాను. మాటలు లేకుండా వెయ్యండి, నేను చెప్తాను."

శబ్దం లేకుండా వేయకూడదని శాఖ నిబంధన. ఆపరేటర్ ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

పిల్లలు ఇరవై ఇద్దరు. జారుడు మామని మళ్ళీ చూడబోతున్నామని వాళ్ళ ముఖాల్లో ఉత్సాహం. గట్టు మీద అతను కనిపించగానే ఒకరిద్దరు అప్పుడే నవ్వు మొదలుపెట్టారు. ఆమె తెర పక్కన నిలబడి, "ఆయన మా నాన్న" అంది. నవ్వినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. రైతు నిశ్శబ్దంగా దిగివచ్చాడు. జారాడు. ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండేళ్ళలో అక్కడ నవ్వు లేకపోవడం ఆపరేటర్ మొదటిసారి విన్నాడు. మిషన్ చప్పుడు అంత పెద్దదని అతనికి అప్పుడే తెలిసింది.

అతను మిషన్ ఆపి, కిటికీ పట్టా ఒకటి తొలగించాడు. ఆమె నిన్న అతనికి చెప్పినదంతా చెప్పింది. తప్పుగా ఒకటి, సరిగ్గా ఒకటి తీస్తామన్న మాట, మబ్బు, గండి, ఉతికిన చొక్కా. ముందు వరసలో రెండు కాళ్ళూ ముడుచుకుని కూచున్న పిల్ల చెయ్యెత్తింది. ఏ తరగతిలోనైనా ఇలాంటి పిల్ల ఒకతె ఉంటుంది. సందేహం తీరందే నిద్రపట్టని రకం.

"టీచర్, తప్పని తెలుసు కదా. మరి ఎందుకు దున్నారు?"

"వాళ్ళు పెద్ద ఆఫీసర్లు. అడిగారు," అంది ఆమె.

"కాదనొచ్చు కదా టీచర్."

ఆమె చేతిలో సుద్దముక్క ఉంది. బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. ఆపరేటర్ తల దించుకుని, అవసరం లేకపోయినా లెన్సు తుడవడం మొదలుపెట్టాడు.

"కాదన్నాడు," అంది. "మూడుసార్లు కాదన్నాడు. వానలు నెత్తి మీద ఉన్నాయి, ఈ వాలులో ఒక్క చాలు కిందికి తీస్తే పొలం నిలవదు, కావాలంటే వేరే చోట తీసుకోండి అన్నాడు. వాళ్ళు సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు నేను..." సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "కెమెరా మామయ్య నన్ను అందులోంచి చూడనిస్తానన్నాడు. మీ నాన్న దున్నేటప్పుడు చూద్దువుగాని అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోతుంటే నేను మట్టిలో పడి దొర్లి ఏడ్చాను. నాన్న చొక్కా పట్టుకుని లాగాను. రెండో గుండీ నేనే తెంపాను. మా నాన్న అప్పటిదాకా ఎవరి మాటా వినలేదు. నా మాట విన్నాడు."

వెనక వరస పిల్లలు ముందుకి జరిగారు.

"ఇప్పుడు మీరు చూసిన బొమ్మలో కింద మూలని ఒక నీడ ఉంది. అది నేనే. మా నాన్న పడితే పగలబడి నవ్వాను. నేను నవ్వానని ఆయనా నవ్వాడు. గండి పడ్డాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ ఏదో అనబోతే, దానికేం తెలుసు చిన్నపిల్ల అన్నాడు." ఆమె ఆ పిల్ల వైపు చూసింది. "ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నువ్వు అడిగావు గనక చెప్పాను. కూచో."

పిల్ల కూచోలేదు. "ఆ పొలం ఇప్పుడేమైంది టీచర్?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఉంది. వ్యానులో పోతే గంట దారి."

చివరి గంట కొట్టాక ఆమె ప్రదర్శన పత్రం తీసుకుని, అభిప్రాయం అన్నచోట ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. 'శబ్దం లేకుండా చూపించారు. పిల్లలకు అర్థమైంది.'

అతను రెండుసార్లు చదివాడు. ఆఫీసులో ఆ మొదటి వాక్యం కింద ఎర్రగీత పడుతుంది. సంజాయిషీ అడుగుతారు. ఇరవై రెండేళ్ళలో అతని మీద ఒక్క కాగితం లేదు.

"మార్చమంటారా?" అంది ఆమె, అతని ముఖం చూసి.

"వద్దండీ. ఉన్నదే రాశారు." పత్రాన్ని మడిచి జేబులో కత్తెర పక్కన పెట్టుకున్నాడు. "రేపు వ్యాను ఖాళీయేనండీ," అన్నాడు. ఖాళీ కాదు. రేపటి బడికి కబురు పంపాలి.

*

పిల్లల్ని రెండు దఫాలుగా తీసుకొచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. డ్రైవర్ రెండో దఫా పిల్లల్ని దింపి, అందరూ ఉన్నారో లేదో గొర్రెల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు. వాలు మొదట్లో ఆపరేటర్ ఒక్క క్షణం ఆగిపోయాడు. నేల ఎర్రగా ఉంది. ఇటుక పగలగొట్టినట్టు ఎర్రగా. ఆ మట్టికి రంగుంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

గట్టు గుర్తుపట్టాడు. అటు పక్క వెనకాల రెండు గుండ్రాళ్ళు, ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు, సినిమాలో ఉన్నట్టే ఉన్నాయి. అయితే మామ సరిగ్గా ఇక్కణ్ణుంచి దిగాలి. అతను తనకి తెలియకుండానే ఆ దారిన నడిచాడు. కెమెరా ఎక్కడుండేదో, ఎద్దులు ఎటు పోయాయో, అడుగడుగూ తెలుసు. చెవుల్లో ఆ గంభీరమైన గొంతు మొదలైంది. చూడండి బాలలారా. ఆగమంటే ఆగే గొంతు కాదది. ఈ పాటికి గండి కనిపించాలి. మనిషి మునిగేంత గండి. ముప్పై ఏళ్ళ వానలకి ఇంకెంత లోతయి ఉంటుందో అని రాత్రంతా అనుకున్నాడు. దాని అంచున పిల్లలు జాగ్రత్త అని డ్రైవర్‌కి మరీ మరీ చెప్పాడు.

గండి లేదు. పచ్చటి పైరు మోకాలెత్తున ఉంది. అతను వెనక్కి చూశాడు, పక్కలకి చూశాడు. దారి తప్పానేమో అనిపించింది.

"గండి ఎక్కడండీ?" అని కేకేశాడు.

పైన పిల్లల మధ్య నిలబడ్డ ఆమె, "మీరు నిలబడింది అందులోనే," అంది.

అతను కాళ్ళ కిందికి చూసుకున్నాడు. మట్టి చదునుగా, మెత్తగా ఉంది. నాలుగడుగుల ముందు వాలుకి అడ్డంగా రాళ్ళ వరస. దాని వెనక మళ్ళీ చదును నేల, మళ్ళీ వరస. ఎవరో మెట్లు కట్టినట్టు కిందిదాకా ఉన్నాయి. రాళ్ళ సందుల్లో గడ్డి అల్లుకుని, ఏది రాయో ఏది వేరో తెలియడం లేదు.

ఆమె దిగి వచ్చింది. "ముప్పై ఒక్క వరసలు. కింది నుంచి మొదలుపెట్టాడు నాన్న. ఒక వాన పడితే రాళ్ళ వెనక మట్టి ఆగేది. ఆగిన మట్టి మీద నిలబడి పై వరస పేర్చేవాడు. మీ శాఖ వాళ్ళెవరూ రాలేదు. ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళు పట్టింది. చివరి వరస పేర్చేటప్పుడు నేను ట్రైనింగులో ఉన్నాను. మరో రెండు నెలలకి జ్వరంతో పోయాడు." ఆమె పైరు మీద చెయ్యి పోనిచ్చింది. "ఇప్పుడు మా బాబాయి కొడుకు చేస్తున్నాడు. నేను ఏడాదికోసారి వస్తాను. వానలకి పై వరస ఎప్పుడూ కొంచెం జారుతుంది."

పై వరసలో ఈ ఏడు పడిన వానకి రెండు బారల మేర ఊడిపోయింది. ఊడినచోట నీళ్ళు వేలి లోతున సన్నటి గాడి కోశాయి. పిల్లలు అప్పుడే దాని చుట్టూ చేరారు. చెదిరిన రాళ్ళని ఏరుకొస్తున్నారు. డ్రైవర్ పంట్లాం మడిచి, పెద్ద రాళ్ళు తానే మోస్తూ, "ఒరేయ్, కాళ్ళ మీద వేసుకోకండి, మీ అమ్మలకి నేను జవాబు చెప్పలేను" అంటున్నాడు.

ఆపరేటర్ చెప్పులు విడిచి గట్టు పక్కన పెట్టాడు. నిన్న ప్రశ్నలడిగిన పిల్ల రెండు చేతులా ఒక రాయి మోసుకొచ్చి అతని ముందు నిలబడింది. దాని ముఖం బరువుకి ఎర్రబడింది.

"సార్, ఇది ఎలా పెట్టాలి?"

రాతికట్టలు ఎలా వేయాలో సినిమాలో పదిహేనో నిమిషం నుంచి ఉంటుంది. అందులో ప్రతి మాటా అతనికి నోటికొచ్చు. రాయి అందుకుని, ఇటు తిప్పి, అటు తిప్పి, ఎక్కడ ఆనించాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "మీ టీచర్‌నడుగుదాం."

ఆమె వచ్చి గాడి పక్కన గొంతుక్కూచుంది. "వెడల్పు వైపు కిందికి. కొంచెం వాలు పైవైపుకి ఒరిగేటట్టు. సందులు పూర్తిగా మూసెయ్యకండి, నీళ్ళు పోవాలి. కాకపోతే మెల్లిగా పొమ్మనాలి. అంతే."

అతను మోకాళ్ళ మీద కూచుని రాయి పెట్టాడు. ఆమె దాని మీద అరచెయ్యి వేసి నొక్కింది. రాయి ఒక పక్కకి ఊగింది.

"నిలవదండీ. తీసి మళ్ళీ పెట్టండి."

అతను రాయి తీశాడు. కింద ఉన్న మట్టిని వేళ్ళతో తవ్వి, చదును చేసి, వెడల్పు వైపు చూసుకుని మళ్ళీ పెట్టాడు. ఆమె మళ్ళీ నొక్కి చూసింది. రాయి కదల్లేదు. ఇంకో రాయి కోసం పిల్ల వైపు చెయ్యి చాచింది.